ఆకలి తగ్గించే మందు వాడుతున్నా బరువు ఒకేచోట ఆగిపోతే

ప్రశ్న: నా వయసు 43, ఎత్తు 160 సెంటీమీటర్లు. వారానికి ఒకసారి తీసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో పది నెలల్లో 96 కిలోల నుంచి 82 కిలోలకు వచ్చాను. ఇప్పుడు మోతాదు 1.7 మిల్లీగ్రాములు. తొమ్మిది వారాలుగా బరువు 81.5, 82.5 మధ్యే తిరుగుతోంది. మొదట్లో ఉన్నంతగా ఆకలి అణగడం లేదు. రోజూ 45 నిమిషాలు నడుస్తాను. బరువు కదలాలని ఒంటిపూట భోజనం మొదలుపెట్టాను. జుట్టు బాగా ఊడుతోంది, సాయంత్రానికి ఓపిక ఉండటం లేదు. మందు పనిచేయడం మానేసిందా? మోతాదు పెంచాలా, వేరే మందుకు మారాలా, లేక కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెడితే కొత్తగా పనిచేస్తుందా?

జవాబు:

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ మందికి నష్టం జరిగేది అక్కడే. కొన్నాళ్లు ఆపి మొదలుపెడితే మందు కొత్తగా పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. ఆపితే ఏమవుతుందో మాత్రం స్పష్టంగా తెలుసు. సెమాగ్లూటైడ్‌పై జరిగిన స్టెప్-1 అధ్యయనంలో 68 వారాల తర్వాత మందు మానేసిన వారిని మరో ఏడాది గమనించారు. తగ్గిన బరువులో సగటున మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. పైగా కొన్ని వారాల విరామం తర్వాత 1.7తో నేరుగా మొదలుపెడితే వాంతులు, వికారం తీవ్రంగా ఉండవచ్చు కాబట్టి మళ్లీ చిన్న మోతాదు నుంచి ఎక్కాల్సి రావచ్చు. నెలలు పోతాయి, కిలోలు తిరిగి వస్తాయి. కాబట్టి ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ఒంటిపూట భోజనం కూడా ఇవాళే మానేయండి. ఎందుకో వివరంగా చెబుతాను. ఊబకాయ చికిత్సలో ఏళ్లుగా పనిచేస్తున్న వైద్యురాలిగా, ఈ మందులు వాడేవారిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బరువు ఆగిపోవడం కాదు, ఆగినప్పుడు భయంతో తిండి ఇంకా ఇంకా తగ్గించుకోవడం.

ఇక అసలు ప్రశ్న: మందు పనిచేయడం మానేసిందా? లేదు. తొమ్మిది వారాలుగా మీరు 82 దగ్గర నిలబడి ఉన్నారంటే దాన్ని నిలబెడుతున్నది ఆ మందే. ఇది అర్థం కావాలంటే బరువు తగ్గినప్పుడు శరీరం ఏం చేస్తుందో చూడాలి.

బరువు తగ్గేకొద్దీ రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది అందరికీ తెలిసిందే: చిన్నదైన శరీరానికి తక్కువ శక్తి చాలు. తగ్గిన ప్రతి కిలోకు రోజువారీ ఖర్చు సుమారు 20 నుంచి 30 క్యాలరీలు పడిపోతుంది. మీ 14 కిలోలకు లెక్క వేస్తే 280 నుంచి 420 క్యాలరీలు. పది నెలల క్రితం మిమ్మల్ని చకచకా తగ్గించిన భోజనమే ఇవాళ మీ బరువును ఉన్నచోట ఉంచుతుంది.

రెండో మార్పు ఇంతకన్నా చాలా పెద్దది, దాని గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ. అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2016లో ఒక చక్కటి విశ్లేషణ ప్రచురించారు. మూత్రం ద్వారా గ్లూకోజును బయటికి పంపే కెనాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మందు వాడుతున్నవారి వివరాలను వారు తీసుకున్నారు. ఈ మందుతో రోజూ కొన్ని వందల క్యాలరీలు మూత్రంలో పోతుంటాయి, మనిషికి ఆ సంగతి తెలియదు. తిండి తగ్గించుకోవాలన్న ప్రయత్నం ఏదీ లేదు. అయినా బరువు కొంత తగ్గి ఆగిపోయింది. లెక్క వేసి చూస్తే, తగ్గిన ప్రతి కిలోకు ఆకలి రోజుకు దాదాపు 100 క్యాలరీల మేర పెరిగినట్టు తేలింది. అంటే ఖర్చు తగ్గడం కంటే ఆకలి పెరగడమే మూడు నాలుగు రెట్లు బలమైన శక్తి. మీ 14 కిలోలకు అది రోజుకు 1,400 క్యాలరీల దాకా వస్తుంది. మందు లేకుండా అంత ఆకలిని మనోబలంతో ఏళ్ల తరబడి ఆపగలిగేవారు బహు తక్కువ. కేవలం ఆహార నియమాలతో తగ్గినవారి బరువు త్వరగా ఆగి వెనక్కి మళ్లడానికి ముఖ్య కారణం ఇదే, క్రమశిక్షణ లోపం కాదు.

సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి మందులు ఈ ఆకలి ఒత్తిడిని బలహీనం చేస్తాయి, పూర్తిగా తీసివేయవు. మీరు తగ్గేకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతూ వస్తుంది. ఎక్కడో ఒకచోట మందు బలం, ఆకలి బలం సమానమవుతాయి. అక్కడ బరువు ఆగుతుంది. ‘మొదట్లో ఉన్నంతగా ఆకలి అణగడం లేదు’ అన్నారు కదా, దానికి అర్థం ఇదే. మందు నీరసించలేదు, అది ఎదుర్కొంటున్న ఆకలి పెద్దదయింది. ఏటికి ఎదురుగా తెడ్డు వేస్తున్న పడవ ఒకచోట నిలిచిపోయినట్టు కనిపించినా తెడ్డు పని జరుగుతూనే ఉంటుంది, తెడ్డు ఎత్తేస్తే కదా పడవ కిందికి కొట్టుకుపోయేది. స్టెప్-4 అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. 20 వారాలు అందరికీ సెమాగ్లూటైడ్ ఇచ్చి, ఆ తర్వాత కొందరిని వారికి తెలియకుండానే మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌కు మార్చారు. మందు కొనసాగినవారు మరో 7.9 శాతం తగ్గారు. మారినవారు 6.9 శాతం పెరిగారు.

కాబట్టి బరువు ఆగడం ప్రతి ఒక్కరికీ జరిగేదే, ఎప్పుడు, ఎక్కడ అన్నదే తేడా. స్టెప్-1లో 2.4 మిల్లీగ్రాముల మోతాదుతో సగటు తగ్గుదల 68 వారాలకు 14.9 శాతం, గ్రాఫు చదునుగా మారింది దాదాపు 60వ వారం దగ్గర. మీరు ఇప్పటికే 14.6 శాతం తగ్గారు, అదీ 1.7తో, దాదాపు 43 వారాల్లో. ఈ సగటు వెనక ఎంత వైవిధ్యం ఉందో కూడా తెలియాలి: ఆ అధ్యయనంలో మూడింట ఒక వంతు మంది 20 శాతం లేదా అంతకు మించి తగ్గారు, దాదాపు ఏడుగురిలో ఒకరు 5 శాతం కూడా తగ్గలేదు. ఈ తేడాలో చాలా భాగం శరీర స్వభావానిది. ఎవరో 30 కిలోలు తగ్గారని విని మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవద్దు.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. బరువు నిజంగా ఆగిందా, లేక ఆగినట్టు కనిపిస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండు మూడు వారాలు కదలకపోతే దానికి పేరు పెట్టాల్సిన పని కూడా లేదు. ఉప్పు ఎక్కువైన భోజనం, నెలసరి ముందు రోజులు, ప్రయాణం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన వ్యాయామం, వీటిలో ఏదైనా ఒకటి రెండు కిలోల నీటిని ఒంట్లో పట్టి ఉంచగలదు. వారానికి అరకిలో కొవ్వు నిజంగా కరుగుతున్నా ఆ నీటి వెనక కొన్ని వారాలు కనిపించకపోవచ్చు. ఈ మందులతో మలబద్ధకం చాలా మామూలు, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తొమ్మిది వారాలంటే మాత్రం నేను పట్టించుకుంటాను. అయినా మరో మూడు నాలుగు వారాలు ఇలా కొలవండి: ఉదయం లేచి మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, వారంలో కనీసం నాలుగు రోజులు తూకం చూసి సగటు రాయండి. ఏ రోజు అంకెనూ విడిగా పట్టించుకోవద్దు, ఈ నెల సగటును పోయిన నెల అదే దశ సగటుతో పోల్చండి. నెలసరి వచ్చే వారికి వారంతో వారం పోల్చడం కన్నా ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది. నడుము చుట్టుకొలత కూడా నెలకొకసారి తీయండి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, ఊపిరి వదిలాక. బరువు నిలిచి నడుము తగ్గుతుంటే లోపల కొవ్వు కరుగుతోందనే అర్థం.

ఒంటిపూట సంగతి. తక్కువ తింటే జీవక్రియ మూతపడి బరువు తగ్గడం ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. అది అతిశయోక్తి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఆన్సెల్ కీస్ అనే పరిశోధకుడు అమెరికాలోని మినసోటాలో 36 మంది యువకులపై చేసిన అర్ధాకలి ప్రయోగంలో, 24 వారాల పాటు వారు తగ్గుతూనే వచ్చారు. జీవక్రియ నెమ్మదించింది, ఆగిపోలేదు. అందుకే తిండి తగ్గించవద్దని నేను చెప్పే కారణం అది కాదు. కారణం కండరాలు. తగ్గే బరువంతా కొవ్వే కాదు. స్టెప్-1లో శరీర నిర్మాణాన్ని స్కాన్ చేసిన కొద్దిమందిలో, పోయిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని భాగం. టిర్జెపటైడ్‌పై జరిగిన సర్మౌంట్-1లో అది నాలుగింట ఒక వంతు. కొవ్వు కాని భాగమంతా కండరమే కాదు, అందులో నీరు, అవయవాలు కూడా ఉంటాయి, శరీరం చిన్నదైనప్పుడు కొంత పోవడం సహజం. కానీ ఒక్కపూటలో, అదీ కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే ఈ మందు మీద, రోజుకు కావలసిన ప్రోటీన్ తినడం దాదాపు అసాధ్యం. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. మీ నీరసానికి ఇదొక కారణమై ఉండవచ్చు.

జుట్టు గురించి కంగారు పడవద్దు, అలాగని వదిలేయవద్దు. వేగంగా బరువు తగ్గినా, పోషణ తగ్గినా, రెండు మూడు నెలల తర్వాత వెంట్రుకలు ఒక్కసారిగా రాలడం మొదలవుతుంది. కారణం సరిదిద్దితే చాలావరకు తిరిగి వస్తాయి. రక్తంలో ఐరన్ నిల్వలు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12 ఒకసారి చూపించుకోండి.

మీ ఎత్తుకు, బరువుకు రోజుకు 80 నుంచి 100 గ్రాముల ప్రోటీన్ లక్ష్యంగా పెట్టుకోవచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ అంకెను మీ డాక్టరు నిర్ణయించాలి. మూడు చిన్న భోజనాలుగా పంచి, ఒక్కోదానిలో దాదాపు 30 గ్రాములు వచ్చేలా చూసుకోండి. గుడ్లు, చేపలు, మాంసం, పెరుగు, పనీర్, పప్పుధాన్యాలు, సోయా, మీకు సరిపడేది ఏదైనా. కంచంలో ప్రోటీన్‌ను ముందు తినండి, కడుపు నిండాక మిగిలిపోయేది పిండిపదార్థమే కావాలి. కూరగాయలు, పీచు, నీళ్లు తగ్గనివ్వకండి.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. ఒంటిపూట తింటున్నా బరువు కదలడం లేదు కదా, మూడుపూటలా తింటే పెరగదా అని. ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. తొమ్మిది వారాల పాటు బరువు స్థిరంగా ఉందంటే, ఆ కాలంలో తిన్న శక్తి, ఖర్చయిన శక్తి సగటున సమానం. ఆ ఒక్కపూటకూ బయట ఏదో కొంత లోపలికి వెళుతోందన్నమాట. ఇది నింద కాదు. 1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన పదిమందిని తీసుకుని, శరీరం ఖర్చు చేసే శక్తిని, గుర్తు పెట్టిన పరమాణువులున్న నీటిని తాగించే ప్రత్యేక పద్ధతితో కచ్చితంగా కొలిచారు. వారి జీవక్రియ మామూలుగానే ఉంది. తిన్నదాన్ని దాదాపు సగం తక్కువగా, చేసిన శ్రమను దాదాపు సగం ఎక్కువగా చెప్పారు. వారు అబద్ధమాడలేదు, మనిషి జ్ఞాపకం తిండి విషయంలో అలాగే పనిచేస్తుంది. ఆహార నిపుణులు కూడా తమ తిండిని తక్కువగానే అంచనా వేస్తారు.

ఈ మందు వాడేవారిలో నేను తరచూ చూసే తీరు ఒకటుంది. పొద్దంతా వికారం వల్లో పట్టుదలతోనో తినరు. సాయంత్రానికి గట్టి భోజనం దిగదు కానీ మెత్తనివి, తియ్యనివి, ద్రవాలు సులువుగా దిగుతాయి: పండ్లరసాలు, పాలు చక్కెర వేసిన పానీయాలు, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్, గుప్పెడు వేయించిన గింజలు. కడుపు నిండిన భావన వీటిని పెద్దగా ఆపదు. వంటనూనె కూడా అలాంటిదే, ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 క్యాలరీలు. మీ తగ్గుదలను ఆపేయడానికి రోజుకు 300 క్యాలరీలు చాలని పైన లెక్క చూశాం కదా, అవి చాలా తేలిగ్గా చేరిపోతాయి. రెండు వారాలు, రెండే వారాలు, నోట్లోకి వెళ్లే ప్రతిదీ తినే ముందే రాయండి. నూనె, గింజలు చెంచాతోనో తూకంతోనో కొలవండి. సెలవు రోజులు కూడా రాయండి. జీవితాంతం లెక్కలు రాస్తూ కూర్చోమనడం లేదు, ఎక్కడ చేరుతున్నాయో తెలియడానికి ఈ మాత్రం చాలు. మూడు భోజనాలు సరిగ్గా తినడం మొదలయ్యాక చాలామందిలో సాయంత్రపు చిరుతిళ్లు తమంతట తామే తగ్గుతాయి.

వ్యాయామం విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిగా చెబుతాను. మీ నడక మానవద్దు, కానీ ఇంకో అరగంట నడక కలిపితే బరువు కదులుతుందని ఆశ పెట్టుకోవద్దు. మీకు ఇప్పుడు కావలసింది కండరాలకు బరువు పెట్టే వ్యాయామం, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విశ్రాంతితో. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, రబ్బరు పట్టీని ఛాతీ వైపు లాగడం, చేతిలో బరువుతో మెట్లెక్కడం, వీటితో మొదలుపెట్టవచ్చు. ఇంకా రెండు మూడు సార్లకు మించి చేయలేం అనిపించేచోట ఆపేంత కష్టం ఉండాలి. తేలికైపోయాక బరువు పెంచాలి, లేకపోతే కండరం పెరగడానికి కారణం ఉండదు. దీనివల్ల జీవక్రియ అమాంతం పెరుగుతుందని చెప్పే ప్రకటనలను నమ్మవద్దు, కిలో కండరం విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 క్యాలరీలే. ప్రయోజనం వేరేచోట ఉంది: బలం, ఎముకలు, చక్కెర నియంత్రణ, తగ్గిన బరువును నిలుపుకోవడం. డెన్మార్క్‌లో జరిగి 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ముందుగా తక్కువ క్యాలరీల ఆహారంతో సగటున 13 కిలోలు తగ్గినవారిని ఏడాది గమనించారు. లిరాగ్లూటైడ్ (సెమాగ్లూటైడ్ కోవకే చెందిన మందు), వ్యాయామం రెండూ చేసినవారిలో శరీర కొవ్వు శాతం తగ్గుదల, ఏదో ఒకటే చేసినవారి కంటే దాదాపు రెట్టింపు. తర్వాత అన్నీ ఆపేసిన ఏడాదిలో కూడా మందు ఒక్కటే వాడినవారి కంటే వ్యాయామం కూడా చేసినవారు బరువును మెరుగ్గా నిలుపుకున్నారు. ఈ వ్యాయామం మొదలుపెట్టిన మొదటి మూడు నాలుగు వారాల్లో కండరాల్లో నీరు చేరి తూకం కాస్త పెరగవచ్చు. అప్పుడు భయపడి మానేయకండి.

నిద్ర కూడా చూసుకోండి. 2010లో ఒక చిన్న ప్రయోగంలో ఒకే మనుషులకు ఒకే తక్కువ క్యాలరీల ఆహారం ఇచ్చి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకునే సమయం ఇచ్చారు. తగ్గిన బరువు రెండింటిలో ఒకేలా ఉంది, కానీ నిద్ర తగ్గినప్పుడు పోయిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది. మీరు గురకపెడుతూ, పగలు కునికిపాట్లు పడుతుంటే నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉందేమో పరీక్ష చేయించండి.

ఇప్పుడు మందు సంగతి. ముందు చిన్న విషయాలు: ఇంజెక్షన్ ప్రతివారం అదే రోజున పడుతోందా, మధ్యలో వారాలు తప్పాయా, మందు గడ్డకట్టలేదు కదా, ఎండలోనో వేడి గదిలోనో ఉండిపోలేదు కదా, సూది తీసేముందు మోతాదు పూర్తిగా లోపలికి వెళ్లిందా. మాత్రల రూపంలో సెమాగ్లూటైడ్ వాడేవారైతే పరగడుపున అరగ్లాసుకు మించని నీళ్లతో వేసుకుని కనీసం అరగంట ఆగాలి. ఈ నియమం తప్పితే ఒంటికి చేరే మందు బాగా తగ్గిపోతుంది. ఒంట్లో చేరిన సెమాగ్లూటైడ్ సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది, అందువల్ల కొత్త మోతాదు రక్తంలో స్థిరపడటానికి నాలుగైదు వారాలు కావాలి. మోతాదు పెంచిన రెండో వారమే పనిచేయలేదని తేల్చేయడం తొందరపాటు.

మీకు 1.7 నుంచి 2.4కు వెళ్లే అవకాశం ఉంది. మీ స్థానంలో ఎవరున్నా నేను ముందు మూడు భోజనాలు, ప్రోటీన్, బరువుల వ్యాయామం నాలుగు వారాలు కుదురుకోనిస్తాను. తర్వాత ఆకలి ఇంకా ఇబ్బంది పెడుతుంటే, కడుపుకు సంబంధించిన దుష్ప్రభావాలు లేకపోతే 2.4కు పెంచుతాను. ఇప్పుడే పెంచితే ఏమవుతుంది? అసలే తక్కువ తింటున్న మనిషి మరీ తక్కువ తింటుంది, జుట్టు, కండరం ఇంకా పోతాయి. ఈ వరుస ముఖ్యం. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన ఇంజెక్షన్‌ను మీ అంతట మీరు ఐదు రోజులకు జరపడం, మిగిలిన మందును కూడబెట్టి పెద్ద మోతాదు వేసుకోవడం, అనుమతి లేని చోట చవకగా దొరికే మందు కొనడం, ఈ మూడూ ప్రమాదకరం. 2.4 మీకు పడకపోతే 1.7లోనే కొనసాగడం కూడా ఆమోదం పొందిన పద్ధతే.

2.4 మీద మూడు నాలుగు నెలలు గడిచాక కూడా ఆరోగ్యపరంగా ఇంకా తగ్గాల్సిన అవసరం ఉంటే మందు మార్చడం న్యాయమైన ప్రశ్న. టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్‌లను నేరుగా పోల్చి 2025లో ప్రచురించిన సర్మౌంట్-5లో 72 వారాలకు సగటు తగ్గుదల వరుసగా 20.2, 13.7 శాతం. తేడా చిన్నది కాదు. అయితే ఇవి కొత్తగా మొదలుపెట్టినవారి అంకెలు, సెమాగ్లూటైడ్‌తో ఇప్పటికే తగ్గినవారు మారితే మళ్లీ 20 శాతం తగ్గుతారని వీటి అర్థం కాదు. మారేటప్పుడు ఏ మోతాదుతో మొదలుపెట్టాలో మీ డాక్టరే చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి: టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ, నాలుగు వారాలు వేరే పద్ధతి కూడా తోడుండాలి. గర్భం ధరించాలనుకుంటే సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

ఫెంటర్మిన్ వంటి పాత ఆకలి మాత్రలు వాడుతున్నవారు ఇది చదువుతుంటే వారికి ఒక మాట. పైన చెప్పిన మోతాదు సలహాలు మీకు వర్తించవు. ఆ మందు సాధారణంగా కొద్ది వారాల కోసమే ఆమోదం పొందింది, ప్రభావం తగ్గిందని మాత్ర పెంచుకుంటే గుండె వేగం, రక్తపోటు, నిద్రలేమి పెరుగుతాయి. అక్కడ ఆగినప్పుడు పెంచకూడదు, డాక్టరును కలవాలి.

చాలామంది చూడటం మరిచిపోయే చోటు మరొకటుంది: మీరు వాడే ఇతర మందులు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మధుమేహం మాత్రలు, పయోగ్లిటాజోన్, ఒలాంజపిన్, మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్, వాల్‌ప్రోయేట్, ప్రీగాబలిన్, బీటా బ్లాకర్లు అనే రక్తపోటు, గుండె మందుల్లో కొన్ని బరువును పైకి నెడతాయి. నొప్పికో నిద్రకో మొదలుపెట్టిన చిన్న మాత్ర ఇటీవలి నెలల్లో ఏదైనా చేరిందేమో గుర్తు చేసుకోండి. సొంతంగా ఏదీ ఆపవద్దు, చాలావాటికి బరువు పెంచని ప్రత్యామ్నాయం ఉంటుంది, రాసిన డాక్టరును అడగండి. మీ వయసులో థైరాయిడ్ మందగించడం, నెలసరి ఆగే దశకు ముందు వచ్చే మార్పులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక మధుమేహం ఉన్నవారిలో ఈ మందులతో తగ్గుదల సగటున తక్కువగానే ఉంటుంది, అది వారి లోపం కాదు.

ఇవన్నీ సరిచేశాక కూడా 82 దగ్గరే ఉంటే? మీరు అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్న ఇదే అనుకుంటాను. 14 కిలోలు తగ్గిన మీ శరీరంలో రక్తపోటు, చక్కెర, కాలేయంలో కొవ్వు, మోకాళ్ల మీద భారం ఎంత మారాయో చూపించుకున్నారా? అవన్నీ మామూలుకు వచ్చి, నిద్ర, ఓపిక బాగుంటే, 82ను ఏళ్ల తరబడి నిలుపుకోవడం వైద్యపరంగా మంచి ఫలితమే. 17,604 మందిపై జరిగిన సెలెక్ట్ అధ్యయనంలో సెమాగ్లూటైడ్ వాడినవారు దాదాపు 65 వారాల దాకా తగ్గి, ఆ తర్వాత నాలుగేళ్ల వరకు ఆ బరువును నిలుపుకున్నారు. వారిలో సగటు తగ్గుదల పదిశాతం చుట్టుపక్కలే, అంటే మీకన్నా తక్కువ. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాల ముప్పు మాత్రం 20 శాతం తగ్గింది. అలా కాకుండా మధుమేహమో నిద్రలో శ్వాస సమస్యో ఇంకా అదుపులో లేకపోతే, మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) ఇప్పటికీ 32 కాబట్టి మరో మందుకు మారడం, అవసరమైతే శస్త్రచికిత్స గురించి కూడా సంకోచం లేకుండా మాట్లాడాలి. ఎంత తగ్గాలన్నది ఆ జబ్బులే చెబుతాయి, తూకం మీద మనం ఎంచుకున్న గుండ్రటి అంకె కాదు.

వచ్చే డాక్టరు అపాయింట్‌మెంట్‌కు ఇవి పట్టుకెళ్లండి: నాలుగు వారాల బరువు సగటులు, నడుము కొలత, రెండు వారాల తిండి రాత, వాడుతున్న అన్ని మందుల పేర్లు, తప్పిన ఇంజెక్షన్ తేదీలు. పైన చెప్పిన రక్తపరీక్షలతో పాటు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష), కిడ్నీ, లివర్ పరీక్షలు కూడా అడగండి. ఒకవేళ ఈలోగా కడుపు పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అవి క్లోమం వాపుకో పిత్తాశయంలో రాళ్లకో గుర్తు కావచ్చు, వేగంగా బరువు తగ్గిన వారిలో రాళ్ల ముప్పు ఎక్కువ. తదుపరి ఇంజెక్షన్ వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.